మీకు తెలుసా? సగంలో ఆగే అక్షరం

సిస్టరమ్మ అనగానే మనకు గుర్తొచ్చేది బడి, లేదంటే ఆసుపత్రి. గుంటూరులోనైతే జె.ఎం.జె. సిస్టర్ల ఆసుపత్రిలో పుట్టినవాళ్లు ఏ వీధికెళ్లినా తగులుతారు. అయితే కతోలిక సభలో ఇంకో రకం సిస్టర్లు ఉన్నారు. వాళ్లు పాఠం చెప్పరు, సూది వెయ్యరు, బజారుకు రావడం కూడా అరుదే. మాటపట్టు తీసుకున్నాక మఠం గోడ లోపలే వాళ్ల బతుకంతా. మరి పొద్దస్తమానం ఏం చేస్తారని అడిగితే, ప్రార్థన చేస్తారు. అదేముంది, కళ్లు మూసుకుని కూర్చోవడమేగా అనుకుంటారేమో. గంట కొట్టి పిలిచే ప్రార్థన అది. వేళ తప్పితే శిక్ష ఉంది, స్వరం తప్పితే నలుగురిలో తల వంచాలి. ఈసారి ఆ గోడ లోపలి సంగతులు కొన్ని.

కత్తి తీసి పడుకోండి

ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటె కాసినోలో పునీత బెనెడిక్ట్ ఒక నియమావళి రాశాడు. 73 చిన్న అధ్యాయాలు. రాసింది మగవాళ్ల మఠానికే అయినా, ఆడవాళ్ల మఠాలూ దాన్నే పట్టుకుని ఇవాళ్టిదాకా నడుస్తున్నాయి. అందులో 22వ అధ్యాయం పడక గురించి. గంట వినగానే లేచి వెళ్లడానికి వీలుగా కట్టుబట్టలతోనే, నడికట్టు విప్పకుండానే పడుకోవాలి. కాకపోతే నడికట్టుకు వేలాడే చాకు మాత్రం తీసి పక్కన పెట్టాలి, నిద్రలో దొర్లితే గుచ్చుకుంటుంది కాబట్టి. ముందు లేచినవాళ్లు మిగతావాళ్లను మెల్లగా తట్టి లేపాలి, ఎందుకంటే నిద్రమొహాలకు సాకులు ఎక్కువట! దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి మాట ఇది. ఏ హాస్టల్ వార్డెనో రాసినట్టు లేదూ?

ఆలస్యం గురించిన 43వ అధ్యాయం ఇంకా బాగుంటుంది. రాత్రి ప్రార్థన మొదట్లో వచ్చే కీర్తనను (మన బైబిలులో 95వది) కావాలనే సాగదీసి పాడమంటాడు. అది ముగిసి చివర త్రిత్వస్తుతి అందుకునేలోపు వచ్చి చేరితే చాలు, ఆలస్యం కింద లెక్కలేదు. ఆ తర్వాత వచ్చారా, ఎవరి చోటుకు వాళ్లు వెళ్లడానికి లేదు. అందరికంటే చివర్నో, ఆలస్యపువాళ్ల కోసం విడిగా పెట్టిన చోటులోనో అందరికీ కనబడేలా నిలబడాలి. ఆ మాత్రానికి గుడి బయటే ఆపెయ్యొచ్చు కదా? దానికీ ఆయన దగ్గర జవాబుంది. బయట వదిలేస్తే మళ్లీ వెళ్లి ముసుగుతన్నేవాళ్లు ఉంటారు, లేదంటే కూర్చుని కబుర్లు పెట్టుకుంటారు. లోపలికి రానిస్తే కనీసం మిగిలిన ప్రార్థనైనా దక్కుతుంది. మనుషుల మీద భ్రమలు లేని పెద్దమనిషి.

బెనెడిక్ట్ కంటే దాదాపు వందేళ్ల ముందు జాన్ కాసియన్ అనే ఆయన ఈజిప్టు సన్యాసుల ఆచారాలను గ్రంథస్థం చేశాడు. పిలుపు వినబడిందంటే, పుస్తకం రాస్తున్నవాడు రాస్తున్న అక్షరాన్ని కూడా పూర్తి చెయ్యకుండా లేచేవాడట. మన లిపిలో అయితే తలకట్టు పెట్టకముందే, గుడి ఇవ్వకముందే కలం కింద పెట్టేయాలన్నమాట. పని మధ్యలో గంట మోగితే వెంటనే వదిలేయడమన్న ఆ పద్ధతి మఠాల్లో ఇప్పటికీ ఉంది. కూర తరుగుతున్నా, కంప్యూటర్ ముందు ఉన్నా అంతే.

వారానికి నూటయాభై

గంట రోజుకు ఎన్నిసార్లు? బెనెడిక్ట్ లెక్క ప్రకారం పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి. ఈ లెక్కకు ఆధారం 119వ కీర్తన. రోజుకు ఏడుసార్లు దేవుణ్ని స్తుతించే మాట, అర్ధరాత్రి లేచే మాట రెండూ అందులోనే ఉన్నాయి. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలూ వారం తిరిగేసరికి పూర్తవ్వాలి. ఈ భాగం రాస్తూ ఆయన ఒక చురక అంటించాడు. మన పెద్దలు ఒక్క రోజులో పూర్తి చేసిన దాన్ని మనం వారానికైనా పూర్తి చెయ్యలేమా అని. రెండో వాటికన్ మహాసభ తర్వాత చాలా మఠాలు ఈ భారాన్ని తగ్గించుకున్నాయి. ఇప్పుడు సభ మొత్తానికీ ఉన్న ప్రార్థన గ్రంథంలో కీర్తనలు నాలుగు వారాలకు పంచి ఉంటాయి. అయినా పాత లెక్కే పాటించే మఠాలు ఇంకా ఉన్నాయి.

ఈ పాడటం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. గుడిలో సిస్టర్లు జనం వైపు తిరిగి కూర్చోరు. రెండు వరుసలుగా, ఎదురెదురుగా ఉంటారు. ఒక చరణం ఈ వైపు, తర్వాతి చరణం ఆ వైపు. ఒకరు పాడుతుంటే మరొకరు వింటారు. పుస్తకంలో ప్రతి చరణం మధ్యలో చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అక్కడ ఆగాలి, ఒక ఊపిరి తీసేంత సేపు. తాళం వేసేవాళ్లు లేరు, చెయ్యి ఊపేవాళ్లు లేరు. అందరూ ఒకేసారి ఆగి, ఒకేసారి అందుకోవాలి. కొత్తగా చేరిన అమ్మాయి దొరికిపోయేది అక్కడే. అందరూ ఆగినచోట తన గొంతొక్కటే ముందుకు వెళ్లిపోతుంది. తప్పు పాడితే ఏం చెయ్యాలో 45వ అధ్యాయంలో ఉంది. అక్కడికక్కడే అందరి ముందూ తగ్గి ఒప్పుకోవాలి. చాలా మఠాల్లో ఇది మోకరించడంగానో, వంగి చేత్తో నేలను తాకడంగానో స్థిరపడింది. తగ్గి ఒప్పుకున్నారా, అంతటితో సరి. ఒప్పుకోకపోతేనే పెద్ద శిక్ష.

గంటల తరబడి నిలబడటం ముసలివాళ్లకు కష్టం కదా. అందుకని పాతకాలపు మఠాల్లో కూర్చునే పలకను పైకి మడిస్తే దాని అడుగున చిన్న అంచు వచ్చేలా చెక్కేవారు. చూడ్డానికి నిలబడినట్టే ఉంటుంది, బరువు మాత్రం ఆ అంచు మీద ఆన్చొచ్చు. నియమమూ తప్పదు, నడుమూ నొప్పి పుట్టదు. వడ్రంగి చేతుల్లో పుట్టిన కరుణ అనాలి దీన్ని.

ఇంత పాడించే బెనెడిక్టే, ఎవరికి వారు చేసుకునే ప్రార్థన మాత్రం పొట్టిగా ఉండాలంటాడు. ఎక్కువ మాటలు మాట్లాడితే దేవుడు వింటాడనుకోకండి అని 20వ అధ్యాయం. మైకు దొరికితే వదలని మన ఊరి ప్రార్థనాపరులు దీన్ని చదివితే బాగుండు.

మనకు దగ్గర్లో బెంగళూరులోని శాంతినిలయం ఈ బెనెడిక్ట్ బాటలో నడిచే ఆడవాళ్ల మఠం. దాని వేళ్లు ఇంగ్లండ్ దక్షిణాన వైట్ దీవిలో ఉన్న రైడ్ మఠంలో ఉన్నాయి.

నర్సరీలో మఠం పాట

మన పిల్లలు ఎల్‌కేజీలో చేతులు ఊపుతూ పాడే బ్రదర్ జాన్ పాట అసలు సంగతేమిటో చూశారా? ఫ్రెంచిలో దాని పేరు ఫ్రేర్ జాక్. అది మఠం పాటే. ప్రార్థన గంట మోగించే వేళకు లేవకుండా పడుకున్న మఠవాసిని నిద్రలేపుతున్నారు అందులో. బెనెడిక్ట్ చెప్పిన నిద్రమొహం ఇతనే అయ్యుంటాడు.

జపమాల లెక్క

తెలుగు కతోలికుల ఇళ్లలో సాయంత్రం చెప్పుకునే జపమాలకూ ఈ మఠాలకూ చుట్టరికం ఉంది. లాటిన్ చదవడం రానివాళ్లు 150 కీర్తనలు ఎలా చెబుతారు? వాటికి బదులు 150 పరలోక జపాలు చెప్పుకునేవారు, లెక్క తప్పకుండా పూసల దండ పట్టుకుని. తర్వాత మంగళవార్త జపాలు ఆ చోటుకొచ్చాయి. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలు మూడూ కలిపితే మంగళవార్తలు సరిగ్గా 150 అవడం కాకతాళీయం కాదు. 2002లో పోప్ రెండో జాన్ పాల్ వెలుగు దేవరహస్యాలు చేర్చాక ఆ లెక్క 200కు పెరిగింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం విచారణ గుడి గంట మోగగానే మన పల్లెల్లో చెప్పుకునే త్రికాల జపం కూడా అలాంటిదే. మఠంలో ఎనిమిదిసార్లు మోగే గంట, పొలానికి వెళ్లేవాళ్లకు మూడుసార్లే మోగింది.

దేవుడికీ కట్నం

ఇది చెప్పకుండా దాటేస్తే బాగోదు. మఠంలో చేరే అమ్మాయి కట్నం తెచ్చేది. 1917 నాటి సభ చట్టం ఆడవాళ్ల మఠాలకు దీన్ని రాతపూర్వకంగా నిర్దేశించింది కూడా. ఆమె బతికున్నంతకాలం దాని మీద వచ్చే ఆదాయమే మఠం వాడుకోవాలి, మధ్యలో వెళ్లిపోతే అసలు తిరిగివ్వాలి. ఆ రెండో షరతు మన పెళ్లిళ్లలో ఎక్కడా కనబడదు. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఈ కట్నం ఊసు లేదు.

దీని పక్కనే ఇంకో గీత ఉండేది. చదువూ కట్నమూ ఉన్నవాళ్లు గుడిలో లాటిన్ కీర్తనలు పాడే సిస్టర్లు. లేనివాళ్లు వంట, బట్టలు, పశువులు చూసుకునే సిస్టర్లు. వీళ్లకు కీర్తనలు లేవు, వాటికి బదులు ఇన్ని పరలోక జపాలని లెక్క. ముసుగు రంగూ వేరుగా ఉండేది చాలాచోట్ల, మఠం నిర్ణయాల్లో ఓటూ ఉండేది కాదు. అందరూ అక్కచెల్లెళ్లని చెప్పుకునే ఇంట్లోనే ఈ పైమెట్టు, కిందిమెట్టు శతాబ్దాల తరబడి నడిచాయి. రెండో వాటికన్ మహాసభ 1965లో, ఆడవాళ్ల మఠాల్లో ఇలాంటి తేడా లేకుండా చూడమని చెప్పాకే ఆ గీత చెరగడం మొదలైంది.

పాడొద్దన్నారు

హిల్డెగార్డ్ పేరు విన్నారా? జర్మనీలో బింగెన్ దగ్గర రూపర్ట్స్‌బర్గ్ మఠాధ్యక్షురాలు. 1098లో పుట్టింది. డెబ్బైకి పైగా పాటలు కట్టింది, మూలికల మీద రాసింది, బిషప్పులకూ చక్రవర్తికీ ముఖం మీదే చెప్పాల్సింది చెబుతూ ఉత్తరాలు రాసింది. ఆమె జీవితంలో చివరి పోరాటం పాట కోసమే.

1178లో ఒక పెద్దింటి మనిషిని మఠం శ్మశానంలో పాతిపెట్టారు. ఆయన సభ నుంచి వెలివేతకు గురైనవాడు, తవ్వి తీసెయ్యండి అన్నారు మైన్జ్ గురుపెద్దలు. చనిపోయే ముందు పాపసంకీర్తనం చేసుకున్నాడు, వెలి తొలగిపోయింది, తియ్యను అంది హిల్డెగార్డ్. ఎవరూ తవ్వుకుపోకుండా సమాధి ఆనవాళ్లను స్వయంగా చెరిపేసిందని చెబుతారు. ఒళ్లు మండిన గురుపెద్దలు మఠం మీద నిషేధం పెట్టారు. దివ్యసత్ప్రసాదం లేదు. కీర్తనలు పాడకూడదు, తలుపులు మూసుకుని నెమ్మదిగా చదువుకోవాలంతే.

ఎనభయ్యేళ్ల ఆ ముసలమ్మ అప్పుడు వాళ్లకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఆదాము పాపం చేయకముందు అతని గొంతు దేవదూతల గొంతుతో కలిసేదని, ఆ పోయిన స్వరాన్ని మనిషికి గుర్తుచేయడానికే పాటలూ వాయిద్యాలూ పుట్టాయని ఆమె వాదన. పాట వింటే సైతాను ఓర్వలేడు కాబట్టి దాన్ని ఆపాలని చూస్తాడని, సరైన కారణం లేకుండా దైవస్తుతిని ఆపించినవాళ్లకు పరలోకంలో దేవదూతల గానంలో చోటుండదని తేల్చి చెప్పింది. ఎవరు ఎవరి మాట వింటున్నారో చూసుకోండని నేరుగా అనకుండానే అన్నట్టయింది. 1179లో నిషేధం ఎత్తేశారు. అదే ఏడాది సెప్టెంబరు 17న ఆమె కన్నుమూసింది.

సైతాను సంగతి ఆమెకు కొత్త కాదు. అంతకు పాతికేళ్లకు ముందే ఆమె రాసిన సంగీత నాటకం ఓర్డో వర్టూటుంలో సద్గుణాలన్నీ పాడతాయి, ఆత్మ పాడుతుంది. సైతాను పాత్ర ఒక్కటే పాడదు, అరుస్తుంది. స్వరం వాడికి ఇవ్వలేదు ఆవిడ. 2012లో పోప్ పదహారో బెనెడిక్ట్ ఆమెకు సభా పండితురాలి హోదా ఇచ్చారు. రెండువేల ఏళ్ల సభలో ఆ హోదా దక్కిన ఆడవాళ్లు నలుగురే. హిల్డెగార్డ్ పేరుతో రూడెస్‌హైంలో ఉన్న మఠంలో సిస్టర్లు ఇప్పుడు ద్రాక్షతోటలు పెంచి వైన్ తీస్తారు.

ఆ నలుగురిలో ఇద్దరు తెరేసాలు, ఇద్దరూ కార్మెల్ మఠంవాళ్లే. పెద్ద తెరేసా 1562లో స్పెయిన్‌లోని ఆవిలాలో సంస్కరించిన మఠం మొదలుపెట్టింది. ఆమె పెట్టిన దినచర్యలో రోజుకు రెండు గంటలు మౌన ధ్యానం. మిగతా ప్రార్థనలకు ఇది అదనం. దాంతోపాటు కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ నవ్వుకోవడానికీ రోజూ వేళలు కేటాయించింది. మొహం మాడ్చుకునే భక్తి ఆవిడకు గిట్టదు.

చిన్న తెరేసమ్మ 15 ఏళ్లకే ఫ్రాన్స్‌లోని లిస్యూ మఠంలో చేరి, 1897లో 24 ఏళ్లకు క్షయతో పోయింది. ధ్యానంలో ఆమెకు ఎదురైన పెద్ద పరీక్షేమిటో తెలుసా? సాయంత్రం ధ్యానవేళ వెనక కూర్చునే సిస్టర్ ఏదో చిన్న చప్పుడు చేస్తూ ఉండేది. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూడాలని ప్రాణం లాగేసేది. చెమటలు పట్టేవట. చివరికి, ఆపలేని ఆ చప్పుడునే కచేరీలా విని, దాన్నే దేవుడికి సమర్పించుకుందామని కూర్చుంది. తన ఆత్మకథలో ఆమే రాసుకున్న సంగతి. ప్రార్థనలో నిద్రపోయేదాన్నని కూడా దాచలేదు. పిల్లలు నిద్రపోతున్నా అమ్మానాన్నలకు ముద్దే కదా అని సర్దిచెప్పుకుంది. ఇంత మామూలు విషయాలు రాసినందుకే కాబోలు, మన ఊళ్లలో ఆమె పేరు పెట్టుకున్న తెరేసమ్మలు ఇంతమంది.

అప్పం, ఉన్ని, చీజ్

బయటికి రాని వీళ్లు తినేదెలా? తమ చేతి పని మీదే. పూజలో వాడే అప్పాలు చేయడం చాలా మఠాలకు జీవనాధారం. గోధుమపిండి, నీళ్లు తప్ప ఇంకేమీ కలపకూడదు, ఉప్పు కూడా. పల్చటి పిండిని రెండు కాలిన ఇనుప పలకల మధ్య పోసి నొక్కితే కాగితంలాంటి రేకు వస్తుంది. దాన్ని వెంటనే గుండ్రంగా కోస్తే పెళుసుగా విరిగిపోతుంది. అందుకే చెమ్మ ఉన్న గదిలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక కోస్తారు.

హైదరాబాద్, విశాఖపట్నం అగ్రపీఠాధిపతులు పెద్ద పూజల్లో మెడ చుట్టూ వేసుకునే తెల్లటి ఉన్నిపట్టీని గమనించారా? ఆరు నల్ల సిలువలుంటాయి దాని మీద. పేరు పాలియం. ఏటా జనవరి 21న, పునీత ఆగ్నెస్ పండుగనాడు, రోములో రెండు గొర్రెపిల్లలకు ఆశీర్వాదం జరుగుతుంది. ఆ ఉన్నితో ఈ పట్టీలను నేసేది ట్రాస్టెవెరేలోని పునీత సిసీలియా మఠం సిస్టర్లు. జూన్ 29న పేతురు, పౌలుల పండుగకు పోప్ వాటిని కొత్త అగ్రపీఠాధిపతుల కోసం ఆశీర్వదిస్తారు.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో బెత్లెహెం అనే ఊరుంది. 1947లో అక్కడ మొదలైన రెజీనా లౌడిస్ మఠంలో ఇప్పటికీ కీర్తనలు లాటిన్‌లోనే. అక్కడి మదర్ నోయెల్లా చీజ్ చేసేవారు. కొయ్య తొట్టిలో పాలు తోడుపెడితే శుభ్రం కాదు, స్టీలు తొట్టి వాడండి అన్నారు ఆరోగ్యశాఖ వాళ్లు. మార్చాక చీజ్‌లో చెడ్డ బ్యాక్టీరియా పెరిగింది! ఆమె ఊరుకోలేదు. కొయ్యతొట్టిలోనూ స్టీలుతొట్టిలోనూ పాలు పోసి, రెండింటిలోనూ కావాలనే ఇ-కోలై కలిపి చూపించారు. కొయ్య రంధ్రాల్లో కాపురమున్న మంచి బ్యాక్టీరియా దాన్ని చంపేసింది, స్టీలులో అది దర్జాగా పెరిగింది. కొయ్యతొట్టి తిరిగొచ్చింది. ఆవిడ ఆ తర్వాత చీజ్ బూజు మీదే పరిశోధించి డాక్టరేట్ తెచ్చుకున్నారు. మన అమ్మమ్మలు పెరుగు కుండ మార్చనిచ్చేవాళ్లు కాదంటే ఊరికే కాదు.

అదే మఠంలో ఉన్న మదర్ డొలోరెస్ హార్ట్ ఒకప్పటి హాలీవుడ్ హీరోయిన్. ఎల్విస్ ప్రెస్లీ సరసన 1957లో ఒకటి, 1958లో ఇంకొకటి, రెండు సినిమాలు చేశారు. పెళ్లి నిశ్చయమయ్యాక దాన్ని వదులుకుని 1963లో మఠం గుమ్మం ఎక్కారు. ఆస్కార్ అకాడమీ సభ్యత్వం మాత్రం వదులుకోలేదు. రాత్రి లేచి కీర్తనలు పాడుతూనే అవార్డులకు ఓటు వేస్తూ వచ్చారు.

టీవీకి పోషకురాలు

1253లో కన్నుమూసిన అస్సీసి క్లారా, తన మఠానికి తానే నియమావళి రాసుకున్న ఆడమనిషి. పోప్ ఆమోదం పొందిన అలాంటి నియమావళి అదే మొదటిది. ఆమోదపత్రం వెలువడిన రెండు రోజులకే పోయింది. జబ్బుపడి గుడికి వెళ్లలేని ఒక క్రిస్మస్ రాత్రి, దూరాన గుడిలో జరుగుతున్న పూజ ఆమెకు తన గదిలోనే కనబడి వినబడిందని ఒక కథ ఉంది. దాని ఆధారంగా పోప్ పన్నెండో పయస్ 1958లో ఆమెను టెలివిజన్‌కు పోషక పునీతగా ప్రకటించారు. క్లారా బాటలోనే నడిచిన సిస్టర్, అమెరికాలోని మదర్ యాంజెలికా, 1981లో అలబామాలోని తన మఠం గ్యారేజీలో ఈడబ్ల్యూటీఎన్ అనే టీవీ చానల్ మొదలుపెట్టింది. కతోలిక టీవీ నెట్‌వర్కుల్లో ప్రపంచంలో పెద్దదిగా అదే ఎదిగింది.